అద్దం తలుపు ఇవతల నుంచి ఒక పాత వాలంటీరు లేఖ

హైదరాబాద్‌లో అంతర్జాతీయ చెస్ టోర్నమెంట్లు నడిపే నిర్వాహకులకు, రాష్ట్ర క్రీడా శాఖ పెద్దలకు,

నమస్కారం.

నా పేరుతో మీకు పనిలేదు. రేటింగ్ చెబితే నవ్వుతారు కాబట్టి అదీ చెప్పను. హయత్‌నగర్‌లో ఉంటాను. ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాస్తాను. ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, బండ్లు బయటికి తీయించి, పదిపన్నెండు మంది పిల్లలకు చెస్ నేర్పుతాను. ఫీజు లేదు. వాళ్ల ఇళ్ల నుంచి అప్పుడప్పుడు వచ్చే పులిహోర డబ్బానే జీతం.

పోయిన ఏడాది మన నగరంలోనే జరిగిన ఒక ఓపెన్ టోర్నమెంటుకు మా పాపను తీసుకెళ్లాను. ఆడించడానికి కాదు, చూపించడానికి. దానికి తొమ్మిదేళ్లు. విదేశాల నుంచి గ్రాండ్‌మాస్టర్లు వచ్చారని తెలిసి, రెండు రోజులు ముందే స్కూల్ బ్యాగులో ఆటోగ్రాఫ్ పుస్తకం సర్దుకుంది. హాలు అద్దం తలుపు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. మెడలో ప్లేయర్ కార్డు ఉంటేనే లోపలికట. పోనీ బయటి నుంచే చూస్తామన్నాను. చూడండి సార్, దానికేముంది అన్నాడు. పాపం మంచివాడే. కానీ ఆ అద్దానికి కింది నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా స్పాన్సర్ల స్టిక్కరు అంటించి ఉంది. నాకు లోపల అంతా కనిపిస్తోంది. పాపకు కనిపించేది స్టిక్కరు.

ఎత్తుకున్నాను. మొదటి బోర్డు మీద ఒకాయన రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు.

"నాన్నా, ఆ అంకుల్ పడుకున్నాడా?"

"లేదమ్మా, ఆలోచిస్తున్నాడు."

"ఇంతసేపా? ఫోన్లో అయితే వెంటనే ఆడేస్తారు కదా."

నాకు జవాబు దొరకలేదు. దాన్ని లోపలికి తీసుకెళ్లి ఒక అరగంట గోడవార నిలబెట్టి ఉంటే నేను జవాబు చెప్పాల్సిన పనే ఉండేది కాదు. చేతులు నొప్పి పుట్టి దించేశాను. ఇంటికొచ్చే దారిలో మెట్రోలో అదే ఆటను ఫోన్లో చూసింది. మీకు తెలుసు కదా, బోర్డు పక్కన నలుపూ తెలుపూ కలిసిన నిలువు గీత ఒకటి ఉంటుంది. ఇంజిన్, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం, దాని లెక్క ప్రకారం ఎవరిది పైచేయో చెప్పే గీత. పిల్లలు దాన్ని 'బార్' అంటారు. ఆ అంకుల్ 30 నిమిషాలు ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. బార్ ఒక్కసారిగా కిందికి జారింది. మా పాప పకపకా నవ్వింది. "అంత ఆలోచించి బ్లండర్ వేశాడు! గుర్రం ఇక్కడికి రావాలి, నాకే తెలుసు."

దానికి తెలియదు. ఫోనుకు తెలుసు. ఈ రెండింటికీ తేడా ఏమిటో మా సెల్లార్‌కు వచ్చే పన్నెండు మంది పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఈ ఉత్తరం అందుకే.

నాకు ఆ తేడా తెలిసింది 2002 అక్టోబరులో, రామోజీ ఫిల్మ్ సిటీలో, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ప్రపంచ కప్ జరిగినప్పుడు. మీలో కొందరు ఆనాడు అక్కడే ఉండి ఉంటారు. 24 మంది ఆటగాళ్లు, ఆరుగురు చొప్పున నాలుగు గ్రూపులు, ఆ తర్వాత నాకౌట్. పక్కనే మహిళల కప్. నేను జూనియర్ ఇంటర్ ఎంపీసీ. దసరా సెలవులంటే మా కాలేజీ వాళ్లకు పుండు మీద కారం. నాలుగు రోజులు ఇచ్చి, మిగతా రోజులు స్టడీ అవర్లు పెట్టారు. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. జీవితంలో ఒక్క టికెట్టు తప్పు కొట్టని మనిషి, నాకు జ్వరమని కాలేజీకి ఉత్తరం రాసి సంతకం పెట్టాడు. మా కోచ్ నలుగురు పిల్లల్ని వాలంటీర్లుగా పంపితే అందులో నేనొకణ్ని.

హయత్‌నగర్ నుంచి విజయవాడ రోడ్డు మీద బస్సులో అరగంట. గేటు దగ్గర దిగితే లోపలికి మళ్లీ వాళ్ల బస్సు. సినిమా కోసం కట్టిన వీధులు, వెనక గోడల్లేని ఇళ్లు, వాటి మధ్య నుంచి పోయి చెస్ హాల్లో తేలేవాళ్లం. మాకు అప్పజెప్పిన పని పెద్దదేం కాదు. మంచినీళ్ల బాటిళ్లు పెట్టడం, ఆగిపోయిన పెన్ను స్థానంలో ఇంకోటి ఇవ్వడం, ఆట అయ్యాక, ఆటగాళ్లు ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్ల కార్బన్ కాపీలు వరుసగా పేర్చడం. చెప్పులు చప్పుడు కాకూడదు. దగ్గు వస్తే బయటికి పోవాలి. ఇవి రెండే షరతులు.

ముందుగా ఆనంద్ గారితో నాకు జరిగిన భేటీ చెప్పేస్తాను. లేకపోతే మీరు దానికోసమే ఎదురుచూస్తూ మిగతాది సరిగా చదవరు. అప్పటికి రెండేళ్ల కిందట టెహ్రాన్‌లో షిరోవ్‌ను ఓడించి ఫిడే ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ఆయన. అదే ఏడాది షెన్యాంగ్‌లో జరిగిన మొదటి ప్రపంచ కప్ కూడా ఆయనదే. ఎత్తు వేసి లేచి, పక్క బోర్డులు చూస్తూ నడుస్తున్నాడు. నేను బాటిళ్ల ట్రేతో దారికి అడ్డంగా ఉన్నాను. పక్కకు జరిగాను. తల ఊపాడు. అంతే, అయిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా మా చుట్టాల పెళ్లిళ్లలో ఆ తల ఊపు పెరిగి పెరిగి "వీడూ ఆనందూ మాట్లాడుకున్నారట" దాకా వచ్చింది. మా పెద్దమ్మ లెక్కలో అయితే ఆయనకు ఎత్తు చెప్పింది నేనే.

నేను అక్కడ చూసింది వేరే. ఆలోచన అనేది ఒంటి మీద ఎలా ఉంటుందో చూశాను.

చెవులు ఎర్రబడతాయి. ఇది టీవీలో కనబడదు, బోర్డుకు ఆరడుగుల దూరంలో నిలబడితేనే తెలుస్తుంది. క్లాకులో సమయం తగ్గుతున్న కొద్దీ మెడ మీది నుంచి ఎరుపు పైకి పాకుతుంది. ఒకాయన గెలిచే ఆటలోనే చెయ్యి వణికించేవాడు, ఓడే ఆటలో రాయిలా ఉండేవాడు. ఇంకొకాయన చంపిన పావులను బోర్డు పక్కన పొడవు ప్రకారం వరుసగా నిలబెట్టి, ఆలోచన తెగనప్పుడు ఆ వరుసను మళ్లీ సర్దేవాడు. ఒకావిడ ఎత్తు ముందు కాగితం మీద రాసుకుని, దానివంక ఒక నిమిషం చూసి, కొట్టేసి, వేరే ఎత్తు వేసేది. (అప్పట్లో ముందు రాసి తర్వాత వేయడానికి ఒప్పుకునేవారు. ఆ తర్వాత ఫిడే ఆ అలవాటును నిషేధించింది.) మొత్తం హాల్లో వినిపించేది ఏసీ, పెన్ను గీత, క్లాకు నొక్కిన చప్పుడు. పదహారేళ్ల వయసులో, ఎంసెట్ కోచింగ్ అరుపుల మధ్య బతుకుతున్న నాకు, పెద్దవాళ్లు ఇంతమంది ఒక గదిలో నోరు మూసుకుని ఇంత కష్టపడతారని తెలియదు.

అసలు ముచ్చట సాయంత్రాల్లో ఉండేది. ఆట ముగిశాక ఇద్దరు ఆటగాళ్లూ పక్క గదికి వెళ్లి, అదే ఆటను మళ్లీ మొదటి నుంచి వేసుకుంటూ ఎక్కడ తప్పిందో వెతుక్కుంటారు. దాన్ని పోస్ట్‌మార్టం అంటారు. మొదటి రోజు ఇంటికి ఆలస్యంగా వెళ్లి "పోస్ట్‌మార్టం చూస్తూ ఉండిపోయానమ్మా" అంటే మా అమ్మ చేతిలో గరిట వదిలేసింది. ఉస్మానియా మార్చురీ తప్ప ఆమెకు ఇంకో పోస్ట్‌మార్టం తెలియదు.

ఆ గదిలో కాపలా లేదు, కార్డు లేదు. మాట్లాడకుండా నిలబడితే ఎవరూ ఏమీ అనలేదు. ఒక సాయంత్రం పాత సోవియట్ దేశాల్లో ఒకదాని నుంచి వచ్చిన ఒక గ్రాండ్‌మాస్టర్ ఓడిపోయి కూర్చున్నాడు. పేరు రాయను. ఆయన ఓటమి గురించి నేనిక్కడ చెబుతున్నానని ఆయనకు తెలియదు కదా. ఎదుటివాడు చేయి కలిపి వెళ్లిపోయాడు. ఈయన ఒక్కడే పావులు పేర్చుకుని ఏనుగుల ఎండ్‌గేమ్ దగ్గర, అంటే కొన్ని పావులే మిగిలే ఆఖరి దశ దగ్గర, ఆగిపోయాడు. నేను బల్ల పక్కన నిలబడి ఉన్నాను. తల ఎత్తి నన్ను చూశాడు. బోర్డును నావైపు తిప్పాడు. చేత్తో 'వెయ్యి' అన్నట్టు సైగ చేశాడు.

నేను చేసిందేమిటో పిల్లలకు నేర్పేవాళ్లంతా ఊహించగలరు. బంటు కనబడింది, ముందుకు తోశాను. తెల్లబంటు, దారిలో అడ్డం లేదు, మూడు గళ్లు పోతే మంత్రి అవుతుంది. ఇంకేం కావాలి? ఆయన తన ఏనుగును నా బంటు వెనక్కి తెచ్చాడు. నేను ఇంకో గడి తోశాను. ఆయన రాజును ఒక గడి జరిపాడు. అప్పుడు కనబడింది. నా ఏనుగు బంటుకు ముందు నిలబడి ఉంది. కదిలితే బంటు పోతుంది, కదలకపోతే బంటుకు దారి లేదు. నా ఏనుగే నా బంటుకు తలుపు గొళ్లెం.

పావులన్నీ వెనక్కి పెట్టాడు. మళ్లీ సైగ. ఈసారి నేను బంటును ముట్టుకోకుండా ముందు ఏనుగును దాని వెనక్కి తెచ్చాను. "దా" అన్నాడు, రష్యన్‌లో అవునని. ఆ తర్వాత వైపులు మార్చాడు, నాకు నల్లవి ఇచ్చాడు. అలా ఎన్నిసార్లు వేశామో లెక్క లేదు. ఆయనకు తెలుగు రాదు, నాకు రష్యన్ రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక వాక్యం కాదు. "దా", "న్యెత్" (కాదు), అవి రెండే. బంటు వెనకే ఏనుగు ఉండాలన్న మాట అప్పటికే పుస్తకంలో చదివాను, పరీక్షలో అడిగితే రాసేవాణ్ని కూడా. ఆ సాయంత్రం దాకా అది నాకు తెలియదు.

ఓడిపోయిన మనిషి. ఆ రాత్రి తన గదిలో తలుపేసుకుని ఉండాల్సిన మనిషి. నా వైపు బోర్డు ఎందుకు తిప్పాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. నా మొహం చూసి కాదు, నా మొహం అంత గొప్పది కాదు. చేతులు ఊరుకోలేకపోయాయేమో.

ఆ ఏడాది దసరా 15వ తేదీన పడింది. మర్నాడు ఒక పొట్లంలో జమ్మి ఆకు పట్టుకెళ్లాను. మా వైపు దాన్ని బంగారమనే అంటాం, చేతిలో పెట్టి కౌగలించుకుంటాం. ఆయనకు చేతిలో పెట్టాను. కౌగలించుకునే ధైర్యం చాలలేదు. ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకోవాలా అన్నట్టు సైగ చేశాడు. కాదు కాదని తల ఊపాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజుల తర్వాత ఆటలో ఆయన జేబులోంచి పెన్ను తీస్తుంటే ఎండిన ఆకు ముక్కలు స్కోర్‌షీటు మీద రాలాయి. ఆర్బిటర్, అంటే చెస్ అంపైరు, దగ్గరికొచ్చి వంగి చూసి, ఊదేసి వెళ్లిపోయాడు.

ఫైనల్ ఆనంద్‌కూ ఉజ్బెకిస్తాన్ ఆటగాడు రుస్తం కాసిమ్‌జానోవ్‌కూ మధ్య జరిగింది. ఆనంద్ గెలిచి కప్పును నిలబెట్టుకున్నాడు. మహిళల కప్ చైనా క్రీడాకారిణి షూ యుహువా తీసుకుపోయింది. ఆ సాయంత్రం అందరమూ ఆనంద్ చుట్టూ మూగాం. ఓడినాయన వైపు నేను కాగితం చాచలేదు, చాచాలని తోచలేదు. రెండేళ్లు తిరక్కుండానే, 2004లో ట్రిపోలీలో, ఆయన ఫిడే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. యుహువా 2006లో మహిళల ప్రపంచ చాంపియన్ అయింది. ఇంకా విచిత్రం, 2008లో బాన్ నగరంలో క్రామ్నిక్ మీద ఆనంద్ టైటిల్ పోరు ఆడినప్పుడు ఆయన తరఫున రాత్రుళ్లు కూర్చుని ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో ఈ కాసిమ్‌జానోవ్ ఉన్నాడు. 2010లో టోపలోవ్ మీద ఆడినప్పుడూ ఉన్నాడు. మన ఫిల్మ్ సిటీలో ఎదురుగా కూర్చున్న మనిషే ఆరేళ్లకు వెనక నిలబడ్డాడు. నేను నీళ్ల బాటిల్ పెట్టిన చేతుల దగ్గర ఇంత కథ ఉందని నాకప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆ కాగితం చాచేవాణ్ని.

నేను గ్రాండ్‌మాస్టర్‌ను కాలేదు. ఆ దరిదాపులకే పోలేదు. ఎంసెట్ వచ్చింది, ర్యాంకు రాలేదు, బీకాం వచ్చింది. ఇది చెప్పడం ఎందుకంటే, 'పిల్లల్ని లోపలికి రానిస్తే చాంపియన్లు పుడతారు' అని నేను అనడం లేదు. ఆ మాట మీ ప్రెస్ మీట్లలో చాలాసార్లు విన్నాం. చాంపియన్లు వాళ్లంతట వాళ్లు పుడుతూనే ఉన్నారు. గుడివాడలో పుట్టిన హంపి 2002లోనే, 15 ఏళ్లకు, గ్రాండ్‌మాస్టర్ అయింది. గుంటూరు హరికృష్ణ, హారిక ఎంత ఎత్తుకు ఎదిగారో చూశాం. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగ్‌తో కనిపించాడు. ఆనంద్ తర్వాత మన దేశంలో 2800 గీత దాటింది అతనొక్కడే. అదే ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన దేశం రెండు విభాగాల్లోనూ స్వర్ణం తెస్తే ఆ జట్లలో హరికృష్ణ, అర్జున్, హారిక ఉన్నారు. నా బెంగ వీళ్ల గురించి కాదు. మా సెల్లార్‌కు వచ్చే పన్నెండు మంది గురించి. వాళ్లు ఎవరూ అర్జున్ కారు. కానీ అర్జున్ ఒక ఎత్తు కోసం 40 నిమిషాలు ఎందుకు తల పట్టుకుంటాడో వాళ్లకు తెలియాలి. ఇప్పుడు వాళ్లకు అర్జున్ అంటే చౌరస్తాలో ఫ్లెక్సీ. సన్మానాలు వద్దనడం లేదు. అయితే శాలువా కప్పించుకున్న మనిషి నవ్వుతాడు, ఆలోచించడు. పిల్లలు చూడాల్సింది రెండోది.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. మా కాలంలో హాల్లో ఫోన్ మోగితే అందరూ విసుక్కునేవారు, అంతే. 2003 అక్టోబరులో ప్లోవ్‌దివ్‌లో యూరప్ జట్ల పోటీలో, అప్పటి ఫిడే చాంపియన్ పొనొమరియోవ్ ఫోన్ మోగింది, ఆట పోయింది. అక్కడి నుంచి రోజులు మారిపోయాయి. ఇప్పుడు జేబులో ఉన్న ఫోను ప్రపంచ చాంపియన్ కన్నా బాగా ఆడుతుంది. 2022లో సింక్విఫీల్డ్ కప్పులో నీమన్ చేతిలో ఓడి అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్ టోర్నమెంటు వదిలి వెళ్లిపోయాక, ఎదుటివాడు యంత్రం సాయంతో ఆడుతున్నాడేమోనన్న అనుమానం ఆటలో భాగమే అయిపోయింది. స్కానర్లు, ఆలస్యంగా నడిచే ప్రసారాలు. చేయక తప్పదు, చేయండి.

తల్లిదండ్రుల సంగతి మీకన్నా నేనే గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నేనూ ఒకణ్ని. తొమ్మిదేళ్లలోపు పిల్లల టోర్నమెంటులో కిటికీ దగ్గర నిలబడి దగ్గే నాన్నలను చూశాను. ఒక దగ్గు అంటే గుర్రం, రెండు దగ్గులంటే ఏనుగు అని నేను చెప్పను కానీ, ఆ నాన్నకు నిజంగా జలుబు చేసినట్టు మాత్రం లేదు. అమ్మలను, నాన్నలను బయట కూర్చోబెట్టండి, నాకు అభ్యంతరం లేదు. నన్నూ కూర్చోబెట్టండి. మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా కాపలా కాయడం మాకు అలవాటే. ఫ్యాను ఒకటి పెట్టిస్తే చాలు.

కానీ దొంగతనం జరుగుతుందని ఊరు ఊరంతా తలుపులేసుకుని కూర్చోదు కదా. ఫిడే నియమాల్లో ప్రేక్షకులు ఆటలో వేలు పెట్టకూడదని ఉంది, ఆర్బిటర్ అనుమతి లేకుండా ఫోన్ వాడకూడదని ఉంది. ప్రేక్షకులే ఉండకూడదని లేదు. ఉండకూడదని రాసింది మన అద్దం తలుపు మీద మాత్రమే.

నేను అడిగేది ఇంత. బోర్డులకు ఆరడుగుల దూరంలో ఒక తాడు కట్టండి. చుట్టుపక్కల సర్కారు బడుల నుంచి, ఇరవై మంది చొప్పున పిల్లల్ని, అరగంట నిలబడనివ్వండి. ఫోన్లు, గడియారాలు గేటు దగ్గరే తీసి పెట్టుకోండి. తొమ్మిదేళ్ల పిల్ల దగ్గర దాచడానికి మహా అయితే జీడిపప్పు బిళ్ల ఉంటుంది. ఆట మొదలైన పావుగంటకు కాదు, మూడో గంటలో రానివ్వండి. మొదటి పావుగంట ఫోటోల గంట, అప్పుడు ఎవరూ ఆలోచించరు, కంఠతా వచ్చిన ఎత్తులు వేస్తుంటారు. మూడో గంటలో చెవులు ఎర్రబడతాయి.

పోస్ట్‌మార్టం గది తిరిగి తెరవండి. ఇదే నా పెద్ద కోరిక, మిగతావి కుదరకపోయినా ఇది చేయండి. ఇప్పుడు ఓడినవాడు గెలిచినవాడు ఇద్దరూ స్కోర్‌షీటు మీద సంతకం పెట్టి, ఎవరి గదికి వాళ్లు పోయి, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెరుస్తున్నారు. తప్పేమిటో క్షణంలో తెలిసిపోతుంది. కానీ వెతకడం మాయమైంది. ఆ వెతుకులాటలో పక్కన నిలబడిన పిల్లవాడికే నిజమైన లాభం. ఆరు బల్లలు, ఆరు బోర్డులు, ఒక టీ ఫ్లాస్కు. ఆ గదిలోకి ఇంజిన్ రాకూడదు, స్క్రీన్ రాకూడదు. రావాలనుకున్న ఆటగాళ్లే వస్తారు, పది మందిలో ఇద్దరొచ్చినా చాలు. నాకు ఒక్కడే దొరికాడు.

ఇంకొకటి, వాలంటీర్లుగా ఈవెంట్ కంపెనీ కుర్రాళ్లను, ఒకే రంగు టీషర్టుల్లో, పెట్టుకోకండి. వాళ్ల తప్పు ఏమీ లేదు, కానీ వాళ్లకు చెస్ పట్టదు, రోజు కూలికి వచ్చారు. ఆ పని చెస్ ఆడే పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఇవ్వండి. నీళ్ల బాటిల్ పెట్టే వంకతో బోర్డు చూస్తారు. కాలేజీ వాళ్లు ఒప్పుకోకపోతే జ్వరం ఉండనే ఉంది.

ఇది మన ఊళ్లో జరగని పని కాదు. 2010 ఆగస్టులో మాదాపూర్ హెచ్‌ఐసీసీలో ప్రపంచ గణిత మహాసభ జరిగింది. ఆనంద్ అప్పుడు ప్రపంచ చాంపియన్. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇవ్వాలనుకుంటే, ఆయన ఏ దేశ పౌరుడని ఢిల్లీలో ఫైలు ఆగిపోయింది. స్పెయిన్‌లో ఇల్లు ఉన్నందుకు! పాస్‌పోర్టు చూపించాల్సి వచ్చింది, తర్వాత మంత్రిగారు క్షమాపణ చెప్పారు. ఎవరైనా అయితే విమానం ఎక్కి వెళ్లిపోయేవారు. ఆయన మాత్రం ఆ డాక్టరేటు ఊసు వదిలేసి, ముందు ఒప్పుకున్న ప్రకారం హాల్లోకి వచ్చి 40 బోర్డుల మీద ఒకేసారి ఆడాడు. 39 గెలిచాడు. ఒకటి డ్రా. ఆ డ్రా చేసింది లెక్కల ప్రొఫెసర్ కాదు, 14 ఏళ్ల కుర్రాడు. మా బావమరిది లెక్కల లెక్చరరు, ఆ రోజు సభలో ఉన్నాడు. ఆయన చెప్పేది డ్రా గురించి కాదు. ఆనంద్ ఒక్కో బోర్డు ముందు ఆగి, చూసి, ఎత్తు వేసి పోతూ, ఆ కుర్రాడి బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఒక చేయి బల్ల మీద ఆనించి ఆగిపోయేవాడట. ఆ ఆగడం చూసి తను ఆ రాత్రి నిద్రపోలేదట. లెక్కల మనిషి, నలభైల్లో ఉన్నాడు, గుర్రం ఎలా నడుస్తుందో కూడా సరిగా తెలియదు.

2025లో ప్రపంచ కప్ 23 ఏళ్లకు మళ్లీ మన దేశానికి వచ్చింది, అయితే గోవాకు. ఈసారి గెలిచింది ఉజ్బెకిస్తాన్ కుర్రాడే, సిందరోవ్. నేను వెళ్లలేకపోయాను. మార్చి కాకపోయినా మా లెక్కల వాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక గడువు ఉంటుంది. పాప ఫోన్లో చూసింది, బార్ పక్కన పెట్టుకుని.

మా తాత సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. మధ్యాహ్నం షట్టరు సగం దించి, అరుగు మీద, పక్క దుకాణం సాయిబుతో షత్రంజ్ ఆడేవాడు. వజీర్, ఘోడా, ప్యాదా, మా ఇంట్లో పావుల పేర్లు సగం ఉర్దూలోనే ఉండేవి. చుట్టూ పది మంది నిలబడేవారు, ఎవరినీ కార్డు అడగలేదు. మధ్యలో ఎవరైనా ఎత్తు చెబితే తాత తలెత్తకుండా చెప్పు తీసి చూపించేవాడు. అదీ ఒక పద్ధతే, మీ ఆర్బిటర్లకు సిఫారసు చేయను.

వచ్చే టోర్నమెంటు తేదీలు ప్రకటించినప్పుడు, పోస్ట్‌మార్టం గది ఉంటుందా లేదా అన్నది కూడా ఆ ప్రకటనలోనే ఒక ముక్క రాయండి. ఉంటుందంటే సెలవు ముందే పెట్టుకుంటాను. గోడకు తగిలించే డెమో బోర్డు కావాలంటే మా సెల్లార్‌లో ఒకటి ఉంది, ట్రాలీ ఆటోలో నేనే తెస్తాను, కిరాయి అడగను. నల్ల మంత్రి పోయింది, దాని చోట అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో పాప గీసింది ఉంది. కిరీటం కొంచెం పెద్దదైంది, మిగతా అంతా బాగానే ఉంది.

స్టిక్కరు మాత్రం ఈసారి నాలుగడుగుల పైన అంటించండి.

ఇట్లు
హయత్‌నగర్ నుంచి
2002 నాటి నీళ్ల బాటిళ్ల వాలంటీరు